గల్లీకి అడ్డంగా ఎర్ర బైకు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న రోజులవి. ఆ ఆదివారం మాకు వ్యాసం పరీక్ష. ఆలస్యమైందని నా బైకును గల్లీలో అడ్డంగా వదిలేసి పైకి పరుగెత్తాను. 'నగరాల్లో ట్రాఫిక్ సమస్యకు కారణాలు విశ్లేషించండి' అన్నారు. కింద హారన్లు మోగుతుంటే, ఉదాహరణ వెతుక్కుంటూ వచ్చిందని మురిసిపోయి, 'పౌరుల బాధ్యతారాహిత్యం' మీద ఒక పేజీ నింపేశాను.

ఇంతలో వాచ్‌మన్ పైకొచ్చాడు. "ఎర్ర బైకు ఎవరిది? గల్లీ మొత్తం జామైంది!"

పెన్ను ఆగిపోయింది. నేను రాస్తున్న పౌరుణ్ని నేనే.

కిందికి దిగి, బండి తీసి మలుపు దాకా వచ్చానో లేదో, జామ్‌లో ఇరుక్కున్న ఆటో దిగి ఒకామె హాల్‌టికెట్‌తో పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నారాయణగూడల ఎగ్జామ్ ఉంది. నిమిషం లేటైనా రానియ్యరు. జర దింపవా?"

గేటు మూస్తుండగా చేరాం.

"దేవుని లెక్క వచ్చినవన్నా! ఎవడో బండి అడ్డం పెట్టి పోయిండట. వాడు జన్మల పాసు కాడు!"

"కాడక్కా," అన్నాను.

ఆ తర్వాత రెండు పరీక్షలు తప్పాను. కారణాలు విశ్లేషించుకోమన్నారు మా సారు. నెపం సిలబస్ మీదికి నెట్టేశాను.

అక్కా, నువ్వు పాసయ్యే ఉంటావు. ఇది చదివితే, ఆ మాట జర వెనక్కి తీసుకో.