రెండు తాళ్ళను కలిపిన ముడి

కరోనా సెలవుల తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది, నేను కోరుట్ల నుంచి సిరిసిల్లలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ మీద వచ్చాను. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్ళు మిగిలాయి. ఆ మూడేళ్ళలో నేను చేసిన ఒక ఘనకార్యం ఇప్పుడు జగిత్యాలలో మా వీధి వీధంతటికీ తెలుసు. తెలియకేం, చెప్పింది నేనే. వంద అడుగుల లోతులో చిక్కుకుపోయిన ఒక నిండు ప్రాణాన్ని, రెండే రెండు తాళ్ళతో, కాలు బెణకడం తప్ప మరే దెబ్బా లేకుండా పైకి రప్పించాను.

ఉద్యోగంలో జరిగిందేదైనా రాయమని పాత సహోద్యోగులు అడిగినప్పుడు ఇదే రాద్దామని కూర్చున్నాను. కానీ అరుగు మీద కూర్చుని చెప్పినంత సులువుగా కాగితం మీద రావడం లేదు. అందుకని ఎక్కడ సాగదీశానో అక్కడే ఒప్పుకుంటూ పోతాను.

ఫిజికల్ డైరెక్టరును బడిలో అందరూ పీడీ అంటారు. ఉదయం ప్రార్థనకు వరుసలు నిలబెట్టడం, ఆటల పోటీలకు జట్లను తీసుకెళ్ళడం, ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ క్లాసులో గోల లేకుండా చూడడం పీడీ పని. నేను దీనికి సాహస క్లబ్బు అని ఒకటి తగిలించుకున్నాను. నెలకొక ఆదివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను చుట్టుపక్కల గుట్టలకు నడిపించుకుపోవడం. ఎండాకాలం ఉండదు, వానాకాలం రాళ్ళు జారతాయి గనక అప్పుడూ ఉండదు.

పిల్లలను బడి గేటు దాటించడానికి చాలా తతంగం ఉంటుంది. హెడ్‌మాస్టరు రాతపూర్వకంగా అనుమతించాలి. ప్రతి పిల్ల ఇంటి నుంచి సంతకంతో సమ్మతి పత్రం రావాలి. ఆడపిల్లలుంటే ఒక మేడం తప్పనిసరి. మాకు జీవశాస్త్రం చెప్పే షాహీన్ మేడం వచ్చేది. చెట్ల పేర్లు, పురుగుల పేర్లు ఆవిడ చెప్పేది, తాళ్ళు, ముడులు నేను. పిల్లలను ఇద్దరిద్దరిగా జోడీ కడతాం, ఎవరి జోడీకి వారు జవాబుదారీ. ఈల ఒకసారి పొడుగ్గా ఊదితే ఎక్కడివారక్కడ ఆగాలి. రెండుసార్లు ఊదితే దగ్గరికి రావాలి. మూడుసార్లు ఊదితే ప్రమాదం. వీటన్నిటి మీద ఒక నియమం: కింద పడ్డ వస్తువు కోసం ఎవరూ దిగకూడదు. సీసా కావచ్చు, చెప్పు కావచ్చు, పడ్డదాన్ని అక్కడే వదిలెయ్యాలి. ఈ నియమం పెట్టింది నేనే, ప్రతి నెలా పిల్లల చేత చెప్పించిందీ నేనే.

సమ్మతి పత్రాల్లో చివరిదాకా రానిది మమతది. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు, అమ్మ ఇంట్లో కండెలు చుడుతుంది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్ట. ఆదివారం మమత కూడా కూర్చోవాలి. నేను ఇంటికి వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ తలెత్తకుండానే అడిగింది.

"గుట్టలెక్కి ఏం జేస్తది సారూ? ఆదివారం గిన్ని కండెలు ఎవలు సుట్టాలె? మీరు సుడుతరా?"

చుడతాననే అన్నాను. ఆ రోజు నేను కండెలు చుట్టి చూపించి సంతకం సంపాదించానని బడిలో చెప్పుకున్నాను. నిజానికి కండెలు చుట్టే మిషను ముందు కూర్చున్న కాసేపట్లోనే మూడుసార్లు దారం తెంపాను. తెగిన ప్రతిసారీ మమత వంగి, రెండు కొసలు పట్టి, బొటనవేలి గోరు మీద ఏదో మెలిక తిప్పి వదిలేది. చూసేలోపే దారం మళ్ళీ నడిచేది. మూడోసారికి వాళ్ళమ్మకు నవ్వొచ్చింది.

"ఇగ లెవ్వు సారూ నువ్వు. దారమంత ఖరాబు జేస్తున్నవ్. తీస్కపో పిల్లను. ఆరుగొట్టేసరికి ఇంట్ల ఉండాలె. ఒక్కసారి తప్పిందనుకో, మళ్ల పంప."

ఆ వారమే బడి మైదానంలో ముడుల పాఠం పెట్టాను. రెండు తాళ్ళను కలపడానికి నేను నేర్పింది రీఫ్ ముడి: కుడి కొస ఎడమ దాని మీదుగా, తర్వాత ఎడమది కుడి దాని మీదుగా. చూడడానికి చక్కగా, చదునుగా ఉంటుంది. ఇది పర్వతారోహణ శిక్షణలో నేర్చుకున్నానని పిల్లలకు చెప్పాను. ఆ శిక్షణ మూడు రోజులు. రెండో రోజంతా వాన, మూడో రోజు సర్టిఫికెట్లు పంచారు. మిగిలిన ఒక్క రోజులో ముడుల క్లాసు భోజనం తర్వాత జరిగింది. నేను సగం నిద్రలో విన్నాను.

మమత రెండు తాళ్ళు తీసుకుని, నా ముడి పక్కన పెట్టి, ఇంకో ముడి వేసింది. ఒక తాడును మడిచి, రెండో తాడును ఆ మడతలోంచి పైకి తెచ్చి, వెనక నుంచి చుట్టి, దాని కిందికే దూర్చింది. "గిది మా పోగు ముడి సార్" అంది. అది దారానికి పనికొస్తుంది, ఇది తాడు అని చెప్పి విప్పించాను.

గుట్ట ఎల్లంతకుంట వైపు పోయే రోడ్డుకు ఒక పక్కగా, లోపలికి ఉంటుంది. బస్సు దిగి అరగంట నడక. డిసెంబరు ఆదివారం, ఎండ కూడా మెత్తగా ఉంది. పిల్లలు ఇరవై ఇద్దరు. పై బండ మీద కూర్చుని సద్దులు విప్పారు. దూరంగా పత్తి చేన్లు, వాటి మీద పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు. షాహీన్ మేడం ఒక పురుగును ఆకు మీద పెట్టి నలుగురికి చూపిస్తోంది. మగ్గాల వాడలో పుట్టిన పిల్లలు మామూలుగానే గట్టిగా మాట్లాడతారు. షెడ్డు పక్కన మెల్లగా చెబితే ఎవరికీ వినబడదు. ఆ బండ మీద మాత్రం వాళ్ళ గొంతులు వాటంతటవే తగ్గేవి. నేను క్లబ్బు పెట్టింది అందుకే అని పై అధికారులకు రాశాను. అది మాత్రం సాగదీసింది కాదు.

అప్పుడు గాలికి నా టోపీ ఎగిరింది. ముందు భాగంలో క్లబ్బు పేరు ఎర్రదారంతో కుట్టించుకున్న టోపీ. అది బండ అంచు దాటి, కింద ఒక రాతి మెట్టు మీద పడి ఆగింది. పిల్లలంతా చూశారు. వాళ్ళ ముందు వదిలేయబుద్ధి కాలేదు. పట్టుకునేందుకు రాళ్ళున్నాయి, దిగొచ్చు అనిపించింది. సగం దూరం బాగానే దిగాను. తర్వాత ఒక రాయి నా కాలితో పాటు వచ్చింది.

కనుక ఇప్పుడు పెద్ద సంగతి ఒప్పుకోవాలి. చిక్కుకుపోయిన ఆ నిండు ప్రాణం నాదే.

వంద అడుగులు కూడా కాదు. అంచు నుంచి నేను పడ్డ మెట్టు దాకా పద్దెనిమిది అడుగులు. మెట్టు మంచమంత వెడల్పు. అయితే దాని కింద ఇంకో రెండింతల లోతు ఉంది, అడుగున గుండ్లు. ఎడమ చీలమండ అప్పటికే వాచింది. ఆ కాలు మోపి సొంతంగా ఎక్కడం నా వల్ల కాదు.

మూడుసార్లు ఈల ఊదాలి. పీడీకి సిగ్గేసింది. ఒకేసారి ఊదాను, పొడుగ్గా. పైన ఇరవై ఇద్దరూ నేర్పినట్టే ఎక్కడివారక్కడ ఆగిపోయారు. ఒక్కరూ అంచు దగ్గరికి వచ్చి చూడలేదు. చివరికి అరిచాను. షాహీన్ మేడం బోర్లా పడుకుని తొంగి చూసింది.

"యా అల్లా! సార్, ఎందుకు దిగిన్రు మీరు?"

టోపీ చూపించాను. ఆవిడ ఫోను బయటికి తీసింది. ఫైరింజను వాళ్ళకు ఫోన్ చేస్తానంది. చెయ్యడమే పద్ధతి. నేను చేతులు జోడించాను. ఫైరింజను వస్తే పేపరోళ్ళు వస్తారు, మర్నాటికి క్లబ్బు మూతపడుతుంది. పిల్లలు చీకటి పడ్డాక ఇల్లు చేరతారు, మమత వాళ్ళమ్మ లాంటి వాళ్ళు ఇంకో సంతకం పెట్టరు. ఒక అరగంట చూద్దామన్నాను. ఆవిడ గడియారం చూసుకుని, "అర్ధగంటే సార్. ఒక్క నిమిషం ఎక్కువైనా ఫోన్ చేస్త" అంది.

మా దగ్గరున్న తాళ్ళు రెండు. ఒకటి బొటనవేలంత లావు, ఒకటి చూపుడువేలంత. ఒక్కోటి ఇరవై అడుగులు. తాడు కట్టేందుకు గట్టిగా ఉన్నది ఒక్క తునికి చెట్టు, అంచుకు పది అడుగుల వెనక. ఒక్క తాడు చాలదు, రెండూ కలపాలి. నా బరువంతా ఆ రెండింటిని కలిపే ముడి మీదే పడుతుంది.

మమత తల అంచు మీద కనిపించింది. మెల్లగా మాట్లాడడం ఆ పిల్లకు చేతకాదు గనక ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. "సార్, ఒకటి లావుగున్నది ఒకటి సన్నగున్నది. మీరు నేర్పిన ముడి జారుతది. మా పోగు ముడి ఎయ్యాల్నా?"

అరక్షణం ఆలోచించాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఒక వైపు, బొటనవేలి గోరు మీద రోజుకు వంద తెగిన కొసలు కలిపే పిల్ల ఒక వైపు. "వెయ్ బిడ్డా" అన్నాను.

ముడి వేసి, మేడం, ఆరుగురు పిల్లలు రెండు వైపులా నిలబడి టగ్ ఆఫ్ వార్ లాగినట్టు లాగి చూశారు. జారలేదు. తర్వాత లావు తాడును చెట్టుకు కట్టి, సన్న కొస నాకు వదిలారు. దాన్ని నడుముకు నేనే కట్టుకున్నాను. కుడికాలు రాతి మీద మోపి, చేతులతో తాడు పట్టి, ఒక్కో అడుగు ఎక్కాను. నేను ఎక్కిన మేరకు పైన వాళ్ళు తాడును చెట్టు చుట్టూ బిగిస్తూ పోయారు. మధ్యలో ఒకసారి కుడికాలు కూడా తప్పింది. అప్పుడు మనిషి మొత్తం తాడుకే వేలాడాను. తాడు కిర్రుమంది. ముడి కదల్లేదు.

పైకి వచ్చాక ముడిని చేత్తో పట్టి చూశాను. రాయిలా బిగిసి ఉంది. నాలుగున్నర బస్సుకు పిల్లలు నన్ను నడిపించుకొచ్చారు. మమత ఆరుగొట్టకముందే ఇంట్లో ఉంది. సోమవారం హెడ్‌మాస్టరుకు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను, మెమో తీసుకున్నాను. ఒక నెల విరామం తర్వాత క్లబ్బు సాగింది. టోపీ ఇప్పటికీ ఆ మెట్టు మీదే ఉంది.

తర్వాత విచారిస్తే తెలిసింది, రీఫ్ ముడి గాయానికి కట్టు కట్టుకోవడానికే గాని మనిషి బరువు మోసే తాళ్ళను కలపడానికి పనికిరాదని, లావు సన్నాలను కలపడానికి మమత వేసిన ముడే తగినదని. అప్పటి నుంచి పాఠంలో అదే నేర్పించాను. ఆ పాఠం మమత చేతే చెప్పించాను.

ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. పని తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు వయసు, హోదా చూడకుండా పని ఆ చేతికి వదిలెయ్యాలి. ఆ మెట్టు మీద నేను వదిలేశాను. ఈ కథలో నేను గర్వపడేది ఆ ఒక్క మాటకే.

ఇది రాసి మమతకు పంపాను. ఇప్పుడు ఇక్కడే జగిత్యాలలో నర్సింగు చదువుతోంది. సాయంత్రం ఫోన్ చేసింది. గొంతు ఏమీ తగ్గలేదు.

"సార్, అంత మంచిగనే రాసిన్రు గని, 'వెయ్ బిడ్డా' అని మీరు అనలే. 'చెప్పింది చెయ్యి, నా కన్న నీకు ఎక్కువ ఎరుకనా' అని కిందికెల్లి ఒర్రిన్రు. నేను సరే సార్ అన్న, మా ముడే ఏసిన. మేడంకు ఎరుకే. ఇగ మీదికచ్చినంక ఆ ముడిని పట్టుకొని, 'సూసిన్రా, నేను నేర్పిన ముడి ఎట్లున్నదో' అని అందరికి జూపెట్టిన్రు. సోమవారం నేను చెప్పేదాంక మీకు ఎరుకనే లేదు. గది గూడ రాయుండ్రి."