పిడికిలి పట్టే సందు

మా మేనమామ బీదర్ పోయి, పాత జీపు ట్రక్కుకు లావు యాక్సిళ్లు, బాడీ బరువు మోసే మందం కమాన్ పట్టీలు ఏయించుకొచ్చిండు. ఎంత బరువేసినా ఇగ కుంగదట.

అప్పటిదాంక మా హళ్ళిఖేడ్‌ల చెరుకు నింపేటోళ్లు ఎనక టైరుకు, పైన బాడీకి నడుమ పిడికిలి పెట్టి చూస్తుండిరి. పిడికిలి పట్టకుంటే లోడు బంద్. ఇంకో లెక్క మాకు తెల్వదు.

ఆ దినం మోపుల మీద మోపులు ఏస్తనే ఉన్నరు. బండి జర కూడ దిగలే.

"బ్రేకులు పాతయే గద మామా" అన్న, కోపం ఆపుకోలేక.

ఆయన నా పిడికిలి గుంజి టైరు మీద సందుల పెట్టిండు. అల్కగ పట్టింది.

"సూసినవా?"

చక్కెర ఫ్యాక్టరీ తొవ్వ సగం కిందికి దిగే ఉతారే. "ఎక్కు" అన్నడు.

ఎక్కిన.