బంతిని పట్టకుండా గుద్దిన రోజులు

ఆ సాయంత్రం ప్రాక్టీసులో పక్కకు దూకి అరచేతి మీద పడ్డాను. బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. వెంటనే లేచి నిలబడ్డాను. నేను ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మహిళల జట్టుకు గోల్‌కీపర్‌ని. అదే నా బతుకుతెరువు. దొరలుగా మా తాతలు ఉన్న కోటలాంటి గడి ఎప్పుడో చేయి దాటిపోయింది, సిద్దిపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. గడి పోయినా అమ్మ మాట మారలేదు: "మనింట్ల నొప్పిని గడప దాటనియ్యరు, బిడ్డా."

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. "ఫ్రాక్చర్ కనిపిస్తలేదు. నొప్పి తగ్గకపోతే రెండు వారాలకు మళ్లీ రావాలె," అన్నారు డాక్టరమ్మ. మొదటి మాట మాత్రమే చెవిన వేసుకుని వచ్చేశాను. బొటనవేలికి టేపు చుట్టుకుని ఆడాను. గోల్‌కీపర్లు వేళ్లకు టేపు చుట్టుకోవడం మామూలే కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

బంతిని పట్టుకుంటే ప్రాణం పోయేది. అందుకని పిడికిలితో గుద్ది పంపేదాన్ని. చూసేవాళ్లు దాన్ని ధైర్యమనుకున్నారు. నా ముందు డిఫెన్స్‌లో ఆడే లత ఒక్కతే పసిగట్టింది.

"ఏందక్కా, చేతిలకొచ్చిన బంతిని గూడ గుద్దుతున్నవ్?"

"నా ఇష్టం."

"నీ ఇష్టమే, దొరసానీ! గది మళ్ల నా మొకం మీదికే వస్తుంది గద!"

అంటూనే నా బొటనవేలి కింద నొక్కింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లత నవ్వు ఆపేసింది. "కోచ్‌కు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నేనే చెప్పాను. ఎంఆర్‌ఐలో స్కాఫాయిడ్ ఫ్రాక్చర్ అని, అంటే బొటనవేలి కింద మణికట్టులో ఉండే చిన్న ఎముక విరిగిందని తేలింది. "గీ ఎముకకు బ్లడ్ సప్లై తక్కువ. మళ్ల గోల్‌ల నిలబడుడు సంగతి ఎముక అతికినంకనే," అన్నారు డాక్టరమ్మ. కట్టు వేశారు. అమ్మ నాకు జడ వేస్తుంటే చిన్నపిల్లనైనట్టు సిగ్గుపడ్డాను. కొన్నాళ్లకు సీటీ స్కాన్ తీస్తే ఎముక అతకలేదని తెలిసింది. ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. నా చోట కొత్తమ్మాయి ఆడుతుంటే బెంచీ మీద నిటారుగా కూర్చుని, ఆమె ఆపిన ప్రతి బంతికీ చప్పట్లు కొట్టాను. ఎడమచేత్తో తొడ మీద.

మణికట్టు ఇక వంచవచ్చని ఫిజియో చెప్పాక అమ్మ నా ముందు జొన్నపిండి పెట్టింది. "గడిల ఉన్నన్ని దినాలు నాకు రొట్టె కొట్టుడు రాకపోయె. కిరాయింట్లకొచ్చి నేర్చుకున్న. నువ్వు గూడ నేర్చుకో." నా మొదటి రొట్టె చూసి, "ఇది రొట్టెనా, నీ గ్లవుసా?" అంది.

ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. చలికాలం పొద్దున చేయి కాస్త బిగుసుకుంటుంది, అంతే. రొట్టెలు కూడా గుండ్రంగా వస్తున్నాయి. చదివేవారికి ఒక్కటే చెబుతాను: అరచేతి మీద పడ్డాక బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గకపోతే, మొదటి ఎక్స్‌రే బాగుందని ఇంట్లో కూర్చోకండి. మళ్లీ వెళ్లి చూపించుకోండి.

మొన్నటి మ్యాచ్‌లో బంతి వేలికి తగిలింది. నేనే చేయెత్తి ఫిజియోను పిలిచాను. వెనక గ్యాలరీలోంచి అమ్మ లేచి నిలబడి అరిచింది:

"గట్టిగ పిలువు బిడ్డా, ఆమెకు ఇనవడ్తలేదు!"