కంప్లీటెడ్ అని రాసే ముందు

1986 వేసవిలో నన్ను బోధన్ సబ్ డివిజన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. నీటిపారుదల శాఖలో మా మెట్లు ఇవి: కాలువ గట్ల మీద రోజూ తిరిగేది నేను, నా పైన డిప్యూటీ ఈఈ, ఆ పైన నిజామాబాద్‌లో కూర్చుని డివిజన్ మొత్తం చూసుకునే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. అప్పటి ఈఈ వెంకటరామయ్య గారు. కరీంనగర్ వైపు మనిషి. ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కాకు గుండీలన్నీ పెట్టుకునేవారు. కోపిష్టి అని పేరు. నాకు మాత్రం ఆ మొండితనంలో కోపం కన్నా పసితనమే ఎక్కువ కనిపించేది. ఆయనంటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

మా ఉద్యోగంలో సగం సిమెంటు, సగం ఇంగ్లిష్. నెలనెలా పైకి పంపే ప్రగతి నివేదికలో ఏ పని ఎంతవరకు వచ్చిందో ఒక్క ఇంగ్లిష్ మాటలో తేల్చాలి. కమెన్స్‌డ్ అంటే కొబ్బరికాయ కొట్టారని. ఎగ్జిక్యూటెడ్ అంటే కాంట్రాక్టరు ఒప్పుకున్న కట్టడం కట్టేశాడని. పైనుంచి వచ్చిన పథకమైతే ఇంప్లిమెంటెడ్, లక్ష్యమైతే అచీవ్డ్. కొత్తలో నేను ఎక్కడో అకంప్లిష్డ్ అని రాస్తే, ఇది కాలువ మరమ్మతా, పాటకచేరీయా అని ఈఈ గారు నవ్వారు. వీటన్నిటిలోకీ బరువైనది కంప్లీటెడ్. అది రాసి పంపామంటే ఆ పని ఫైలు మూతపడుతుంది. సైటు మీది మనుషులు, యంత్రాలు మరో చోటికి పోతాయి. కాలువ మీది జనానికి ఇంత గొడవ లేదు. వాళ్లకు అన్నిటికీ ఒకటే మాట, అయింది.

ఆ ఏడు రెంజల్ వైపు పోయే ఒక ఉపకాలువ, వాగు దాటే చోట కూలిపోయింది. మరమ్మతు సాగినన్నాళ్లు చివరి పొలాలకు మా శాఖే వాగులోంచి ఆయిల్ ఇంజనుతో నీళ్లు తోడి పోసింది. చిట్టచివరి తూము కింద నర్సవ్వ అనే ఆమెకు ఎకరం చెరుకు ఉండేది. భర్త లేడు. ఆ చెరుకు, చేతిలో బీడీల చాట, అదే ఆమె బతుకు. ఇంజను నీళ్లతో తోట ప్రాణం నిలబెట్టుకుంది గానీ ఆకుల కొసలు అప్పటికే ఎండుతున్నాయి.

కట్టడం బాగానే వచ్చింది. కొత్త షట్టర్లకు రంగు కూడా వేశాం. మర్నాడు కలెక్టరేట్‌లో సమీక్ష. ఆలోగా కంప్లీటెడ్ అని పంపేద్దామని మా డిప్యూటీ ఈఈ తొందరపడ్డారు. ఎగ్జిక్యూటెడ్ అయినప్పుడు కంప్లీటెడ్ అయినట్టే గదా, రెండూ ఒకటే గదా అని ఆయన వాదన. ఈఈ గారు ఒప్పుకోలేదు. ఆ మాట రాస్తే ఇంజను లేచిపోతుంది, నీళ్లు చివరిదాకా రాకపోతే ఆ చెరుకు గతేమిటని అడిగారు. ఆ ఉదయమే కాలువకు నీళ్లు వదిలించి, మా ఇద్దరినీ జీపులో ఎక్కించుకుని చివరి తూము దగ్గరికి బయల్దేరారు.

అక్కడ నర్సవ్వ గట్టు మీద బీడీలు చుడుతూ కూర్చుని ఉంది. కాలువ ఒట్టిదే. మధ్యాహ్నం దాటినా చుక్క రాలేదు. డిప్యూటీ గారు ఊరుకోలేక ఆమెకు కొత్త షట్టరు చూపించి, పని ఎంత గట్టిగా చేశామో వివరించారు. ఆమె చాట పక్కన పెట్టింది.

"సిమెంట్ మంచిగనే పోసిండ్రు సారూ. కని నా చెరుకు సిమెంట్ తాగదు గద."

ఇంతలో లష్కర్, అంటే మా కాలువ కావలి మనిషి, సైకిల్ మీద వచ్చి సంగతి చెప్పాడు. చాలా రోజులకు నీళ్లు కనిపించేసరికి ఎగువన ఎవరి తూము వాళ్లు ఎత్తేసుకున్నారు. పోలీసులను పిలిపిద్దామని డిప్యూటీ గారు అన్నారు. ఈఈ గారు ఆ మాట విననట్టే నర్సవ్వను చాయ్ పెట్టమని అడిగారు. ఆమె ఇంటికి పోయి గిన్నె, చక్కెర, చాయ్‌పత్తా తెచ్చి మూడు రాళ్లు పేర్చింది. నీళ్లకు మళ్లీ ఇంటికి పోబోతుంటే ఆయన ఆపారు.

"నీ కాలువ నీళ్లతోనే పెట్టు అవ్వా. నీళ్లు వచ్చినంకనే పెట్టు. గప్పటిదాక నేను గిక్కడనే కూసుంట."

కూర్చున్నారు, ఆ పొడుగు చేతుల చొక్కాతో, ఎర్రటి ఎండలో. లష్కర్ ఈ కబురు దారిపొడవునా మోసుకుపోయాడు. ఇంటికి వచ్చిన మనిషిని చాయ్ పోయకుండా కూర్చోబెట్టడం ఆ వైపు పెద్ద తలవంపు. కేసు పెడతామంటే తెగబడి కొట్లాడేవాళ్లే గానీ, దీనికి మాత్రం సిగ్గుపడ్డారు. ఒక్కొక్క తూమే దిగింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన, ఎగువన ఎక్కువ పొలమున్న రైతు సత్యనారాయణ గారు స్వయంగా మోటారు సైకిల్ మీద వచ్చి నిలబడ్డారు.

"మేం రేపు తడుపుకుంటాం లెండి. పెద్దాయన్ని ఎండబెట్టామన్న మాట మాకొద్దు."

పొద్దు వాలుతుండగా నీళ్లు వచ్చాయి, ముందు నురగ, చెత్త, వెనక ఎర్రటి ధార. నర్సవ్వ కొంగుతో వడగట్టి చాయ్ కాచింది. మట్టి వాసన. డిప్యూటీ గారు సగం తాగి మిగతాది మెల్లగా పారబోశారు. ఈఈ గారు పూర్తిగా తాగి, నీళ్లు చెరుకు తోటలో చివరి సాలు తడిపేదాకా నిలబడి చూసి అప్పుడు జీపు ఎక్కారు.

మర్నాటి సమీక్షలో మా నివేదికలో ఆ పని ఎదుట ఎగ్జిక్యూటెడ్ అనే ఉంది. కంప్లీటెడ్ అని టైపు కొట్టి, సంతకాలయ్యి పంపే వేళకు గడువు దాటింది. జిల్లా అధికారులందరి ముందు ఈఈ గారికి అక్షింతలు పడ్డాయి. ఆయన సంజాయిషీ చెప్పుకోలేదు. ఆ సాయంత్రం ఇంజను తీసేయమని నాకు కబురు పంపారు, అంతే. నర్సవ్వ చెరుకు ఆ ఏడు ఫ్యాక్టరీకి చేరింది.

తరువాత నేనూ ఈఈని అయ్యాను. చివరి తూము కింది రైతును అడగకుండా కంప్లీటెడ్ అన్న మాట మీద సంతకం పెట్టలేదు. అందువల్ల చాలా సమీక్షల్లో నాకు ఆలస్యం మనిషినని పేరొచ్చింది. పని చేసినవాడి కంటికి తన పని ఎప్పుడూ కాస్త ముందే పూర్తయినట్టు కనిపిస్తుంది. అందుకే అయిందా అన్న ప్రశ్న అతన్ని అడగకూడదు.