అప్పజెప్పిన పద్యం

ఏలూరు కాలేజీలో తెలుగు చెప్పే చలపతిరావుకి ఒకటే పిచ్చి. ఇద్దరు మనుషులు కలిసి ఒక్క పద్యం ఎలా చెప్తారో తేల్చాలి. ఒకరు పోపు పెట్టిన చారులో ఇంకొకరు ఉప్పు వేస్తే వారం రోజులు మాటలుండని కొంపలు మనవి. అలాంటి చోట జంటకవులన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎలా నెగ్గుకొచ్చారో అతనికి అంతుపట్టేది కాదు. అంతుపట్టక, దాన్నే పరిశోధనగా పెట్టుకున్నాడు. భార్య తులసి మాత్రం, ముందు మనిద్దరం కలిసి ఒక్కరోజు పప్పు రుబ్బి చూద్దాం, సగం పరిశోధన అక్కడే అయిపోతుందని ఆటపట్టించేది.

అతను ఎంచుకున్న జంట నరసరాజు, సత్తియ్య. నరసరాజు పెంటపాడు దగ్గర వరి పండించుకునే ఆసామి. సత్తియ్య కొల్లేటి లంకలో చేపలు పట్టుకునే మనిషి. సత్తియ్య చేపల తట్టతో వారం వారం తాడేపల్లిగూడెం సంతకు వచ్చేవాడు. అక్కడ కలిశారు, అక్కడే పద్యం పట్టుకుంది. గూడెం జంట అంటే చుట్టుపక్కల ఊళ్ళలో పేరే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు నరసరాజు పోయాడు. ఆ తర్వాత సత్తియ్య నోట పద్యం విన్నవాళ్ళు లేరు.

పరిశోధన చేయించే ఆచార్యులవారిది ఒకటే పట్టు. ఏ పద్యం ఎవరిదో విడదీసి చూపించాలి. అది లేని సిద్ధాంతగ్రంథాన్ని తాను ముట్టుకోనన్నారు. చలపతిరావు ఏళ్ళ కష్టమంతా వచ్చి ఆ ఒక్క అధ్యాయం దగ్గర నిలబడింది.

అదేం బ్రహ్మవిద్య కాదనుకున్నాడు చలపతిరావు. చదువుకున్నవాడు కదా, దారి తొందరగానే దొరికింది. వరిచేలూ ఊడ్పులూ ఉన్న పద్యాలన్నీ రైతువి. నీళ్ళూ పక్షులూ ఉన్నవన్నీ చేపలవాడివి. ఇలా బోలెడు పేజీలు రాసి, సైకిలు మీద కొల్లేటి గట్టు దాకా, అక్కణ్ణించి తాటిదోనెలో లంక దాకా వెళ్ళి, సత్తియ్యకి చదివి వినిపించాడు. సత్తియ్య వల బాగుచేసుకుంటూ మర్యాదగా ఆఖరు దాకా విన్నాడు.

"చాలా బాగా రాశారండీ మేష్టారు. కాకపోతే అంతా తిరగబడిందండీ."

పుట్టినప్పట్నుంచీ చూస్తున్న నీళ్ళ మీద తనకి పద్యమేం వస్తుందన్నాడు సత్తియ్య. దోనె ఎక్కగానే కనపడిన పిట్టనల్లా అదేమిటి, ఇదేమిటి అని అడిగింది రాజుగారు. పొట్టకొచ్చిన చేను చూసి నోరు తెరుచుకు నిలబడింది తాను. పోనీ తిరగేసి రాసుకుంటే సరిపోతుందా అంటే, అదీ కుదరదట. ఎందుకంటే వాళ్ళ పద్ధతి వేరు. ఇద్దరూ పద్యం కాగితం మీద పెట్టేవారు కాదు. ఈ సంతకి ఒకరు పద్యం చెప్తే, వచ్చే సంతకి రెండోవాళ్ళు దాన్ని అప్పజెప్పాలి. బడిలో పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టే. మరిచిపోయిన మాట పోయినట్టే. దాని బదులు నోటికి ఏ మాటొస్తే అదే ఉన్నట్టు. ఏది మారిందో మొదట చెప్పినవాళ్ళు బయటపెట్టకూడదు. అలా నాలుగైదు సంతలు తిరిగి, ఇంక మారకుండా నిలిచిన పద్యాన్నే సభలో చదివేవారు.

చలపతిరావుకి ఒళ్ళు మండింది. అందులో తప్పు లేదు, అన్ని పేజీలు రాసినవాడికి మండదా మరి. సత్తియ్య భార్య మరిడమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా సగంలో వదిలేసి లేచాడు. లేచాక గుమ్మంలో ఆగి, రాజుగారు పోయాక పద్యమే రాలేదా అని అడిగాడు.

"వస్తానే ఉంటాయండీ. అప్పజెప్పేవోళ్ళేరండీ?" అన్నాడు సత్తియ్య. అని తల వంచుకున్నాడు. నాలోనే ఉండి నాతోటే పోతాయండీ అని వలతో చెప్పినట్టు అన్నాడు.

చలపతిరావు ఆ పూట వెళ్ళిపోలేకపోయాడు. తిరిగొచ్చి కూర్చుని, ఒకటి నాకు చెప్పండి, నేను అప్పజెప్తాను అన్నాడు. సత్తియ్య చెప్పాడు. చలపతిరావు గబగబా రాసుకున్నాడు. మరుసటి ఆదివారం వచ్చి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పి, మెచ్చుకోలు కోసం చూశాడు.

"ఇది నేనిచ్చిందేనండీ," అన్నాడు సత్తియ్య దిగులుగా. "మీరేం ఇవ్వలేదండీ."

ఆ మాట చలపతిరావుకి తగిలింది. ఎన్నేళ్ళుగానో పద్యాలు చదివాడు, చెప్పాడు, విప్పాడు. ఒక్కదానికీ తనదంటూ ఏమీ ఇవ్వలేదన్నది నిజం. ఈసారి కలం జేబులోంచి తీయకుండా ఇంకో పద్యం విన్నాడు. వారమంతా క్లాసులో, సైకిలు మీద, అన్నం ముందు అదే గొణుక్కున్నాడు. పప్పు కలుపుకోవడం మరిచిపోయి ఉత్త అన్నం తింటున్నారని తులసి గిన్నె ముందుకు తోయవలసి వచ్చింది.

ఆ ఆదివారం సత్తియ్య అతన్ని దోనెలో ఎక్కించుకుని సరస్సు మధ్యకి తీసుకుపోయాడు. చలపతిరావు భయం భయంగా అప్పజెప్పాడు. 'నీటి నడుమ ఒంటి కొంగ తలచె' అన్న చోట సత్తియ్య చేతిలో గెడ ఆగింది. దోనె తనంతట తను కొంచెం దూరం పోయింది. తప్పు చెప్పానా అని అడిగాడు చలపతిరావు.

"చెప్పకూడదండీ," అన్నాడు సత్తియ్య. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో పద్యం ఎత్తుకున్నాడు.

ఆ చలికాలమంతా, ఆ మీదటి చలికాలమంతా అలాగే గడిచింది. నరసరాజు పోయాక సత్తియ్యలో పేరుకున్న పద్యాలన్నీ ఒకటొకటే బయటికొచ్చి, చలపతిరావు నోట నలిగి, నిలిచాయి. ఏలూరులో చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి. పైన పేరు నరసరాజు, సత్తియ్య అనే వేశారు. అలాగే ఉండాలని పట్టుబట్టినవాడు చలపతిరావే. దాని వల్ల అతనికి వీసమెత్తు కొరత కూడా అనిపించలేదు, సంతోషమే అనిపించింది.

సిద్ధాంతగ్రంథంలో పాత అధ్యాయం తీసి పారేశాడు. ఏ పద్యం ఎవరిదో విడదీయడం కుదరదనీ, తాను అప్పజెప్పిన సంగతితో సహా ఎందుకు కుదరదో ఇదీ అనీ కొత్తది రాశాడు. ఆచార్యులవారు ముఖం చిట్లించారు. డిగ్రీ పోతే నీ ఖర్మ అంటూనే, ఎందుకోగాని పైకి పంపించారు. పరీక్షకి వెళ్ళిన రోజు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఆ చిన్న పుస్తకం తెరిచి, కొంగ పద్యం దగ్గర వేలు పెట్టారు.

"పాతవాటి సంగతి సరేనండీ. దీనికి మీరే సాక్షి కదా. ఈ 'తలచె' మీదా, ఆయనదా?"

నాదే అందామని ఎంత ఉందో చలపతిరావుకి. పుస్తకమంతటికీ ప్రాణం లాంటి మాట అది. కళ్ళు మూసుకుని ఆ వారమంతా వెతుక్కున్నాడు. సైకిలు గుర్తొచ్చింది, ఉత్త అన్నం గుర్తొచ్చింది, ఆ మాట తాను ఎప్పుడు పట్టుకున్నాడో గుర్తు రాలేదు.

"తెలియడం లేదండీ," అన్నాడు. ఇంతేనా నా చదువు అనుకున్నాడు. పరీక్షకులు పుస్తకం మూసి సంతకం పెట్టారు.

డిగ్రీ వచ్చిందన్న కబురు పట్టుకుని చలపతిరావు లంకకి వెళ్ళాడు. తులసీ తానూ కలిసి చుట్టిన సున్నుండలు మరిడమ్మ చేతికిచ్చాడు. నా చదువు మీ దోనెలో కూర్చున్నాకే మొదలైందండీ, మీ రుణం తీరేది కాదు అని సత్తియ్యతో అంటే, ఆయన సిగ్గుపడి, పొద్దు పోతోందని దోనె తీశాడు.

గట్టుకి వెళ్ళే దారిలో, మోకాలు లోతు నీళ్ళలో కొంగ ఒకటి నిలబడి ఉంది. చలపతిరావు ఉండబట్టలేక అడిగేశాడు. చెప్పకూడదని తెలుసుననీ, కానీ ఆ ఒక్క మాట ఎవరిదో చెప్పమనీ అన్నాడు.

సత్తియ్య గెడ వేస్తూనే ఉన్నాడు.

"నేను చెప్పింది అది కాదండీ. మీకు తెలిసి పెట్టారా?"

"లేదండీ. మీరు చెప్పిందే అనుకున్నాను."

"అయితే రాజుగారిదండీ," అన్నాడు సత్తియ్య.

నవ్వులాటకి అన్న మాట కాదు. చలపతిరావు కొంగ కేసి చూసి, పైపంచె సర్దుకుని, రెండు చేతులూ జోడించాడు. రుజువు మాత్రం అడగలేదు.