అవ్వ ఫోన్‌లో చెప్పిన రెండో సగం

మా నాన్న మస్కట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాడు. అమ్మ, అక్క, నేను కూడా అక్కడే. రెండేళ్లకోసారి, జూన్‌లో బడికి సెలవులివ్వగానే, నలుగురం బెంగళూరు వచ్చి హూడిలో మామ ఇంట్లో దిగేవాళ్లం. మామ అమ్మకు సొంత అన్న. అమ్మను కన్న అవ్వ ఆయన దగ్గరే ఉండేది. తొంభైల్లో హూడి ఇంకా సగం పల్లెటూరే. ఇంటి వెనక ద్రాక్షతోట ఉండేది. సిటీలోకి వెళ్లాలంటే ఎర్రమట్టి రోడ్డు పక్కన బస్సు కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చేది.

మాతో చదివే పిల్లలు సెలవుల్లో ఊటీకో తిరుపతికో వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు. మాకు సెలవులంటే థియేటర్. మస్కట్‌లో తెలుగు సినిమా అంటే అద్దెకు తెచ్చుకునే క్యాసెట్టే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకునేవాళ్లం. బొమ్మ మీద గీతలు పడుతుండేవి. నాన్న రెండో పాటకల్లా నిద్రపోయేవాడు. అమ్మ వంటింట్లోకి వెళ్తూ వస్తూ చూసేది. అందరం ఒకేచోట, ఒకేవైపు చూస్తూ మూడు గంటలు కూర్చునేది బెంగళూరులోనే.

థియేటర్‌కు పోయేరోజు అవ్వ పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపేది. నిప్పట్లు, అంటే కారం చెక్కలు, ముందురోజే కాల్చి ఉంచేది. మెజెస్టిక్ బస్టాండు దగ్గర తెలుగు సినిమాలు ఆడే థియేటర్‌లో బయటి తిండి లోపలికి తీసుకుపోనిచ్చేవారు కాదు. అందుకని అవ్వ డబ్బాను పొట్టకు ఆనించి పట్టుకుని, మీద శాలువా కప్పుకుని నడిచేది. గేటు దగ్గర ఉండే ఆయనకు అనుమానం.

"ఏనజ్జీ అదు?" అనేవాడు కన్నడంలో, అదేంటవ్వా అని.

"మోకాలినొప్పికి మందుండాదప్పా," అనేది అవ్వ, మొహం ఏమాత్రం మారకుండా.

నిమ్మకాయ, ఇంగువ వాసన ఆయనకు తెలియకపోదు. అయినా వదిలేసేవాడు. మామ నవ్వాపుకోలేక ముందే లోపలికి వెళ్లిపోయేవాడు.

సినిమా మొదలయ్యాక అవ్వ నోరు ఊరుకునేది కాదు. తెర మీది మనుషులతో నేరుగా మాట్లాడేది. విలన్ చెట్టు చాటున నిలబడితే, "వాడు ఆడుండాడు, చూసుకోప్పా," అని హీరోకు చెప్పేది. అత్తగారు కోడలిని తిడితే, "నోరు మూసుకో, నీకూ కూతురుండాది," అనేది. నా తెలుగు మస్కట్ తెలుగు కావడంతో హాస్యం నాకు కాస్త ఆలస్యంగా అర్థమయ్యేది. అందరూ నవ్వి ఊరుకున్నాక నేను నవ్వేదాన్ని. అవ్వ నావైపు తిరిగి, "ఇప్పుడొచ్చిందా నీకు?" అనేది.

నాకు పదేళ్లప్పుడు, ఆ సెలవుల్లో ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. మర్నాడు పొద్దున బొంబాయి మీదుగా మా ప్రయాణం. ఆ సినిమా పేరు ఇక్కడ అవసరం లేదు. హీరో లారీ డ్రైవర్. అతను ఊళ్లో లేనప్పుడు అతని భార్యకూ అత్తకూ పెద్ద గొడవ జరుగుతుంది. ఇద్దరు పిల్లలూ నిద్రపోతుండగా ఆమె ఇల్లు వదిలి కనపడిన బస్సెక్కేస్తుంది. బస్సు కదిలి వంతెన దాటుతుంటే విశ్రాంతి అని పడింది.

అవ్వ ఆ గొడవ జరుగుతున్నంతసేపూ అత్తగారిని ఒక్క మాట కూడా అనలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను.

విశ్రాంతి అయింది. తలుపులు మూశారు. దీపాలు ఆరాయి. తెర మీద ఏమీ రాలేదు. కాసేపటికి దీపాలు మళ్లీ వెలిగాయి. అప్పట్లో ఒకే ప్రింటును రెండు థియేటర్లలో ఆడించేవారని మామ చెప్పాడు. ముందు మొదలైన థియేటర్‌లో అయిపోయిన రీళ్లను స్కూటర్ మీద ఇక్కడికి తేవాలి. బయట పెద్ద వాన. కింద తరగతిలో ఈలలు మొదలయ్యాయి. మేం చిత్రాన్నం తినేశాం, నిప్పట్లు తినేశాం, పక్క వరసవాళ్లకూ పెట్టాం. చివరికి మేనేజర్ వచ్చి తెర ముందు నిలబడి, రోడ్లన్నీ నీళ్లమయంగా ఉన్నాయనీ, రీళ్లు రావనీ, ఇవే టికెట్లతో రేపు ఇదే ఆటకు రావచ్చనీ చెప్పాడు.

"రేపు ఈ టైముకు మనం గాల్లో ఉంటాం," అన్నాడు నాన్న. లేవకుండా అలాగే తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

అక్క ఏడుపు మొదలుపెట్టింది. ఆమెకు పద్నాలుగేళ్లు. అంత చిన్న విషయానికి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఏడుపు సినిమా కోసం కాదేమో. అవ్వ దాని తల నిమిరి, "ఊరుకో, సుమ్నుండు. నేను పోయి చూసొచ్చి ఫోన్‌లో చెప్తాలే," అంది.

మస్కట్‌నుంచి ప్రతి శుక్రవారం మామ ఇంటికి ఫోన్ చేసేవాళ్లం. ఆ వారం అమ్మ మాట్లాడటం అయ్యాక అక్క స్పీకర్ మీట నొక్కి, "అవ్వా, చూశావా?" అని అడిగింది.

"చూసినా. చెప్తా వినండి," అంది అవ్వ. "ఆయమ్మ ఎక్కిన బస్సు చిక్కబళ్లాపురం పోతాది."

"సినిమాలో చిక్కబళ్లాపురం చూపించారా?"

"చూపించినారు. బస్టాండు ముందర దానిమ్మకాయల బండి గూడా ఉండాది. ఆయమ్మ చేతిలో ఏమీ లేదు. యాడికి పోవల్లో తెలీక బండి పక్కనే కూసుండాది. ఒక ముసిలామె వచ్చి, ఎవురమ్మా నువ్వు, అనింది."

అంతవరకే. ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడే వీలుండేది కాదు. మరుసటి శుక్రవారం ఆ ముసలామె కొడుకు దర్జీ అని తెలిసింది. ఆయన ఆమెకు కాజాలు కుట్టడం నేర్పించాడు, తర్వాత మిషన్ తొక్కడం. పాటలేమీ లేవా అని నేనడిగితే, ఒకటుండాది కానీ గుర్తులేదు అంది అవ్వ. మేం వారమంతా ఆ కథే మాట్లాడుకునేవాళ్లం. అక్క బడిలో తన స్నేహితురాళ్లకూ చెప్పేది.

మూడో శుక్రవారం అమ్మ మా వెనక నిలబడి బట్టలు మడత పెడుతోంది.

"ఇంటినుంచి బయల్దేరే ముందర ఆయమ్మ కూతురికి తల దువ్వినాది," అని చెబుతోంది అవ్వ. "రెండు జడలేసి, ఎర్ర రిబ్బన్లు కట్టినాది. బిడ్డ అద్దంలో చూసుకోని నవ్వతా ఉండాది."

"అవ్వా, మేం చూసినప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు," అంది అక్క. "జడలు వేయలేదు."

"ఇప్పుడు చూపిస్తారు పాపా. మిషన్ ముందర కూసోని ఆయమ్మ తలుచుకుంటా ఉంటాది కదా, అప్పుడు."

అమ్మ చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టింది. వచ్చి స్పీకర్ ఆపేసి రిసీవర్ చెవికి పెట్టుకుని గోడ వైపు తిరిగింది. మేం గోల చేశాం. నాన్న మా ఇద్దరినీ బాల్కనీలోకి తీసుకుపోయాడు. అమ్మ చాలాసేపు ఫోన్ దగ్గరే ఉంది. వింటూనే ఉంది.

ఆ సాయంత్రం చివరి కథ అమ్మే చెప్పింది. మిగతా బట్టలు మడత పెడుతూ, మావైపు చూడకుండా చెప్పింది. చలికాలంలో ఒకరోజు భర్త ఆ దర్జీ అంగడికి వస్తాడట. పేరు పెట్టి పిలవడు, ఇంటికి రమ్మనడు. ఒక గుడ్డ ముక్క ముందు పెట్టి, చొక్కా కుట్టాలి అంటాడట. దర్జీ ఆమెను కొలతలు తీసుకోమంటాడు. ఆమె టేపు తీసుకుని భుజాలు కొలుస్తుంది, చేతులు కొలుస్తుంది. మెడ కొలిచేటప్పుడు అతను, బిడ్డ అడగతా ఉండాది, అంటాడట.

"తర్వాత ఫైటింగ్ లేదా?" అని అడిగాను.

"లేదు. చొక్కా అయ్యేదాకా అతను ఆ ఊళ్లోనే ఉన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి బస్సెక్కారు."

ఆ సినిమా క్యాసెట్టు మస్కట్‌లో రువి అనే చోట మేం అద్దెకు తెచ్చుకునే కొట్టుకు కొన్ని నెలల తర్వాత వచ్చింది. మాకు కథ తెలుసు కాబట్టి ధీమాగా కూర్చున్నాం. వంతెన, విశ్రాంతి అయ్యాయి. తర్వాత హీరో లారీ వేసుకుని బొంబాయి వెళ్లాడు. అక్కడ దొంగ బంగారం ముఠా. హీరోకు అచ్చం అతనిలాగే ఉండే తమ్ముడు. హీరోయిన్ రెండు పాటల్లో కనపడి, చివర్లో ఒక గోదాములో స్తంభానికి కట్టేసి ఉంది. చిక్కబళ్లాపురం లేదు, దర్జీ లేడు.

"అవ్వ అబద్ధం చెప్పింది," అంది అక్క. ఆమెకు చాలా కోపం వచ్చింది. స్నేహితురాళ్ల ముందు పరువు పోతుందని బాధ.

నాన్న ఆరోజు నిద్రపోలేదు. అమ్మ వైపు చూశాడు. అమ్మ లేచి టీవీ ఆపింది.

"అవ్వ ఆ సినిమాకు పోనేలేదు," అంది. "మీకు చెప్పింది తన సంగతే."

అమ్మకు ఆరేళ్లప్పుడు వాళ్ల ఊరికి డేరా సినిమా వచ్చిందట. అవ్వ ఇంట్లో చెప్పకుండా పక్కింటి ఆడవాళ్లతో మొదటి ఆటకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు తలుపు తీయలేదు. తాత ఊళ్లో లేడు. అరుగు మీద పడుకుని, తెల్లారి తలుపు తీశాక లోపలికి వెళ్లి, కూతురికి జడలేసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

"మాకేమో అమ్మ ఆస్పత్రిలో ఉందని చెప్పారు," అంది అమ్మ. "వచ్చాక ఆమె చెప్పలేదు, మా నాయనా చెప్పలేదు. అడిగితే మళ్లీ పోతుందేమోనని నేనూ అడగలేదు. ఆ ఎర్ర రిబ్బన్లు మాత్రం నాకు బాగా గుర్తు."

"ఫోన్‌లో విన్నప్పుడు నువ్వేమన్నావు?" అని అడిగాడు నాన్న.

"ఏమంటాను? తర్వాత ఏమైందమ్మా అన్నాను."

ఆ తర్వాత వచ్చిన సెలవుల్లో హూడికి వెళ్తున్నప్పుడు నేను వాళ్లిద్దరినే కనిపెట్టి చూడాలని అనుకున్నాను. గుమ్మంలో కౌగిలించుకుని ఏడుస్తారేమో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. అవ్వ అమ్మను చూసి చిక్కిపోయినావు అంది. ఇద్దరూ కలిసి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. వారం గడిచాక ఒకరోజు పొద్దున అమ్మ, "అమ్మా, మధ్యాహ్నం ఆటకు మనమిద్దరం పోదామా?" అంది. అంతకుముందెప్పుడూ మమ్మల్ని వదిలి వాళ్లు థియేటర్‌కు పోలేదు. నేనూ అక్కా మొహం మాడ్చుకున్నాం. అవ్వ మాత్రం వెంటనే లేచి చీర మార్చుకుంది. ఇద్దరూ బస్సులో వెళ్లారు.

సాయంత్రానికి వచ్చారు. అవ్వ కళ్లు కొంచెం ఉబ్బి ఉన్నాయి. అమ్మ తలలో మల్లెపూలు, చేతిలో మామిడిపళ్లు.

"సినిమా ఎట్లుందత్తా?" అని నాన్న అవ్వను అడిగాడు.

"బాగుండాదప్పా."

"కథేంటి?" అంది అక్క.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం సరిగ్గా చూడలేదు," అంది అమ్మ.

"వెనకాల కూసునోళ్లు రెండుసార్లు గదిరిచ్చినారు, సుమ్నుండండమ్మా అని," అని అవ్వ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నాన్నకు అర్థమైందేమో, మామిడిపండు ఒకటి తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు నాన్న ఉద్యోగం చాలించుకుని అమ్మతో బెంగళూరు వచ్చేశాడు. ఆ థియేటర్‌ను పడగొట్టారు. హూడి చుట్టూ ఆఫీసు కట్టడాలు లేచాయి. నాకు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది. సెలవు రోజున అందరం కలిసి మాల్‌లోని థియేటర్‌కు వెళ్లేవాళ్లం. టికెట్లు తీసే పని నాది. అవ్వకు అక్కడి చలి నచ్చేది కాదు, సీట్లు మరీ వెడల్పని కూడా అనేది. అయినా పిలిస్తే వచ్చేది. అమ్మకూ అవ్వకూ పక్కపక్క సీట్లు చివరి వరసలో తీసేదాన్ని. మిగిలినవాళ్లం వాళ్ల ముందు వరసలో కూర్చునేవాళ్లం. సినిమా మొదలైన కాసేపటికి వెనకనుంచి వాళ్ల గొంతులు వినిపించేవి. మాటలు సరిగ్గా తెలిసేవి కావు. నేను తెర వైపే చూస్తూ కూర్చునేదాన్ని.