మా అత్తమ్మ ఏసిన వాయిదా

మొన్న సోమవారం పొద్దుగాల మా అత్తమ్మ పోయింది. హన్మకొండ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ ఇగ లేదే" అన్నడు. నేనప్పుడు జనగామ కోర్టు వరండాల ఉన్న, నల్లకోటు ఇంకా చేతిమీదనే ఉన్నది. ఆమే పంపింది నన్ను. ముందురోజు సాయంత్రం, గొంతు సరిగ రాకున్నా, "నువ్వు నా మంచం పట్టుకొని కూసుంటె నాకు నయమైతదా? నిన్ను నమ్ముకొని ఒక ముసల్ది కోర్టుకొస్తదంటివి గదా, పో" అని తరిమింది. పోయిన. గిప్పుడది తల్చుకుంటె కోపమొస్తది, ఏడుపొస్తది, ఏది ముందొస్తదో నాకే తెలుస్తలేదు.

అత్తాకోడండ్లు కొట్లాడుకునేటోళ్ళంటె మీరేమనుకుంటరో నాకెరుకే. మా ఊర్లె గూడ అదే అనుకున్నరు. నర్మెట్టకు దగ్గర్లనే మా ఊరు. మా ఇంట్ల పొయ్యిమీద చాయ పొంగకముందే కొట్లాట పొంగేది. నాకు నోరెక్కువని గార్ల ఊర్లె మా అమ్మగారింట్లనే పేరు. "అత్తగారింటికి పోయినంక జర నోరు దగ్గర పెట్టుకో బిడ్డా" అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి పంపింది. పెట్టుకున్న. కొన్ని నెలలు నిజంగనే పెట్టుకున్న. ఆ కొన్ని నెలలు మా అత్తమ్మకు పొద్దు పోలేదు, పాపం.

మొదటి కొట్లాట పచ్చిపులుసు మీద. నువ్వులు ఏంచి దంచి ఎయ్యలేదని ఆమె, మా దిక్కు ఎయ్యరని నేను. "మీ దిక్కోళ్ళకు నోట్లె నాలికున్నదా లేదా?" అన్నది. "నాలికున్నది గాబట్టే చింతపండు రుచి తెలుస్తది, నువ్వులు అడ్డం పెట్టుకోము" అన్న. అన్నంక నాకే భయమైంది. మా మామ తిన్నడు, పండుకున్నడు, లేచిండు. మా ముచ్చట ఒడువలేదు. సాయంత్రం పక్కింటామెతోటి గోడ మీదికెల్లి చెప్పుడు విన్న: "నా కోడలు ఏడుస్తదేమో అనుకున్ననే. ఏడ్వలే. జవాబు చెప్పింది!" నేను పుస్తెలతాడుతోటి పాటు ఇంకేదో బంగారం తెచ్చినట్టు చెప్పింది ఆ మాట.

ఆమె కొట్లాటకు ఒక పద్ధతుండె. కొంగు నడుముకు చుట్టి, పీట ఏసుకొని, నోట్లె వక్క ఏసుకొని కూసునేది. అమ్మగారి ముచ్చట తియ్యొద్దు. తిట్లు వద్దు. అన్నిటికన్న ఆమెకు గిట్టనిది ఊకె ఒప్పుకునుడు. ఒకరోజు తలకాయ నొస్తున్నదని "సరే అత్తమ్మా, నువ్వన్నదే కరెక్టు" అని లేచిన. రెండ్రోజులు నాతోటి మాట్లాడలే. మూడోరోజు అడిగితె, "వాదించకుంట ఒప్పుకుంటివంటె నన్ను మనిషి లెక్కల ఏస్తలెవ్వన్నట్టు" అన్నది. ఇప్పటికీ కోర్టుల ఎవరన్న తొందరగ తలూపితె నాకు ఆ మాటే యాదికొస్తది.

తను ఓడిపోయేటట్టుంటె మాత్రం తలకాయ ఒక పక్కకు వంచి, ఒక్క కంటితోటి నన్ను కొంచెంసేపు చూసేది. చూసి, "వాయిదా" అని లేచి బర్రె దగ్గరికి పోయేది. ఆ మాట ఆమెకు కోర్టు నేర్పింది. మా మామ దాయాది పాలోళ్ళతోటి భూమి తగాద పెట్టుకుంటె, ఇద్దరు జనగామ కోర్టు చుట్టు ఏండ్లకేండ్లు తిరిగిన్రు. పోయినప్పుడల్ల వాయిదా. "ఇన్నేండ్లల్ల మా వకీలు నోరు తెర్వంగ నేను సూడలేదు బిడ్డా. ఆవులించినప్పుడు తప్ప" అనేది.

ఒకనాడు కోర్టు నుంచి వచ్చి చెప్పులన్న ఇడువకముందే, "పిల్లా, నువ్వు వకీలు సదువు సదువు" అన్నది. నేను నవ్విన. డిగ్రీ అయ్యి ఏండ్లయింది, చంకల బిడ్డున్నది. ఆమె అప్పటికే అక్కడ ఒక లేడీ వకీలును పట్టుకొని అంత అడిగొచ్చింది. "డిగ్రీ ఉన్నోళ్ళకు మూడేండ్లేనట. వయసుతోటి పని లేదట. లాసెట్ అని పరీక్షుంటదట. ఇంకేంది నీ నొప్పి?" మా ఆయన భూపాలపల్లిల బొగ్గుబాయి కొలువు, వారానికొకసారి ఇంటికొస్తడు. ఫోన్ల "ఇప్పుడెందుకమ్మా ఇదంత" అన్నడు. "నువ్వు బాయిల దిగు కొడకా, ఇది భూమి మీది ముచ్చట" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు నుంచి నాకు కోచింగు మొదలైంది. పుస్తకాలు నేను తెచ్చుకున్న, సదువుకున్న. కోచింగు మాత్రం ఆమెదే. పరీక్షంటె ఎదురుంగ ఒకరిని నిలబెట్టి కొట్లాడుమంటరని ఆమె లెక్క. వకీలు సీటు మరి ఇంకెట్లిస్తరు? పొద్దుగాల పాలు పిండుకుంట ఒక ముచ్చట ఎత్తుకునేది. బర్రె మేలా ఆవు మేలా. పెండ్లి ముందా కొలువు ముందా. నేను గెలుస్తున్న అనంగ, "ఆగు. ఇప్పుడు నువ్వు నా దిక్కు మాట్లాడు, నేను నీ దిక్కు మాట్లాడుత" అనేది. నా మాటలు నాకే అప్పజెప్పి, నాకన్న మంచిగ వాదించేది. కడుపు మండేది నాకు.

పరీక్షనాడు హన్మకొండకు తోలుకపోయింది. సెంటర్ బయట చెట్టుకింద సద్దిగిన్నె పట్టుకొని కూసున్నది. నేను బయటికి రాంగనే ఎదురొచ్చి, "ఎవరితోటి పడ్డది?" అన్నది.

"ఎవరితోటి లేదత్తమ్మా. కంప్యూటర్ ముంగట కూసోబెట్టిన్రు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులుంటయ్. సరైనదాని మీద నొక్కుడే."

"నోరు తెర్వలే?"

"తెర్వలే."

బస్సెక్కినంక, టికెట్ తీసుకున్నంక, కిటికీలకెల్లి చూసుకుంట అన్నది: "గందుకే మా వకీలు గట్ల తయారైండు."

ర్యాంకు మరీ గొప్పగ రాలేదు, మరీ తీసెయ్యదగ్గట్టు గూడ లేదు. సర్టిఫికెట్లు ఎక్కించినం. ఇగ వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజి కావాలెనో వరుసగ పెట్టుకునుడన్నమాట. ఆ దినం అత్తమ్మ నాట్లకు పోయింది, ఆమెను అడుగలే. నేను, మా ఆయన కలిసి హన్మకొండల కాలేజీలు రెండే పెట్టినం. దగ్గర, పొద్దుగూకకముందు ఇంటికి రావచ్చు, అంతే మా ఆలోచన. మొదటి విడత లిస్టొచ్చింది. నాకు యాడ గూడ సీటు రాలేదు.

గోడదిక్కు మొకం పెట్టి పండుకున్న. "పోనీ తియ్, వచ్చే ఏడు సూద్దాం" అన్నడు మా ఆయన, మంచిగనే అన్నడు. కని కోడండ్లకు వచ్చే ఏడనేది రాదు. ఆ ఏడు ఇంకొక కడుపొస్తది, లేకుంటె ఎవరో మంచంల పడ్తరు, లేకుంటె ఏం లేకుంటనే దాటిపోతది. నాకు ఇదొక్క ఏడే ఉన్నదని నాకు తెలుసు.

అత్తమ్మ పీట తెచ్చుకొని నా మంచం పక్కన ఏసింది. కొంగు చుట్టింది.

"ఎన్ని కాలేజీలు అడిగినవ్?"

"రెండు."

"ఎన్నున్నయ్?"

"శానా ఉన్నయ్."

"అంగడికి పోయి రెండు దుకాండ్లు తిరిగి, కూరగాయలు లేవని ఉత్తసంచి తెచ్చేదానివి నువ్వే దొరికినవ్. హైద్రాబాద్ ఏం పాపం చేసింది? జనగామల రైలెక్కితె ఇటు హన్మకొండ దిక్కు పోతది, అటు హైద్రాబాద్ పోతది."

"పిల్లనెవరు చూస్తరు? బర్రెనెవరు పిండుతరు?"

"నేను సచ్చిన్నా?"

ఆ మాటకు లేచి కూసున్న.

రెండో విడత ఉండనే ఉన్నది, ఆప్షన్లు పెట్టేటందుకు ఆ రోజే ఆఖరు. హైద్రాబాద్ గూడ పెడ్త, కని హన్మకొండ కిందనే పెడ్త అన్న. ఎందుకని అడిగింది. ఇడమరిచి చెప్పిన: కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంట వస్తది, మన ర్యాంకుకు ముందుగాల ఏది దొరికితె అదిచ్చి ఆగిపోతది, దానికింద రాసినవి ఇగ చూడది.

"అంటె నీకు ఏది కావాలెనో అది పైన పెట్టాలె."

"ఔ."

"నీకేది కావాలె?"

"హన్మకొండ."

"అబద్ధం. పండుకునేముందు ఫోన్ల ఏ కాలేజి ఫోటో సూస్తున్నవో నాకు తెల్వదనుకున్నవా?"

అప్పుడు పడ్డది చూడుండ్రి మా ఇద్దరికి. రైలు లేటయితదని నేను. బిడ్డకు జరమొస్తె ఎట్లని నేను. ఊరోళ్ళు ఏమంటరని నేను. నేనన్న ఒక్కో మాటకు ఆమె దగ్గర జవాబులు అయిపోతున్నయ్. తలకాయ పక్కకు వంచింది, ఒక్క కంటితోటి చూసింది. ఇగ లేస్తదనుకున్న. లేచింది గని బర్రె దగ్గరికి పోలే, చెప్పులేసుకున్నది. "ఇయ్యాల వాయిదా లేదు. గడువు ఇయ్యాలనే అంటివి. నడువు నర్మెట్టకు" అన్నది. ఆమెతోటి నేను కలిసున్న కాలంల వాయిదా ఎయ్యంది ఆ ఒక్కనాడే.

నెట్ సెంటర్ల నా కుర్చీ ఎనుక నిలబడ్డది. కూసోమంటె కూసోలే. ఆమెకు సదువు రాదు, అందుకని నేను చెప్పింది నమ్మక, సెంటర్ నడిపే అక్కను పిలిచి "పైన ఏమున్నదో సదువమ్మా" అన్నది. ఆమె సదివింది. హైద్రాబాద్. "ఇప్పుడు నొక్కు" అన్నది. నొక్కిన.

ఆ సీటే వచ్చింది. టీసీ కోసం మహబూబాబాద్‌ల నేను సదివిన డిగ్రీ కాలేజికి ఉరికినం, ఒరిజినళ్ళు పట్టుకొని గడువుల చేరినం, సంచి ఆమె సంకలనే ఉండె, నాకు ముట్టనియ్యలే. మూడేండ్లు పొద్దుగాల బస్సు, జనగామల రైలు. మూడేండ్లు బిడ్డ జడ ఆమె అల్లింది, బర్రె పాలు ఆమె పిండింది. నేను రాత్రి ఇంట్లకు రాంగనే "ఇయ్యాల ఏం చెప్పిన్రు?" అని అడిగి, నేను చెప్తుంటె మా సార్లు చెప్పింది తప్పని వాదం పెట్టుకునేది. నేను మా సార్ల దిక్కు కొట్లాడాలె. మీకు నవ్వొస్తదేమో, పరీక్షలల్ల నాకు ఆ రాత్రుల కొట్లాటలే యాదికొచ్చేటియి.

నేను మొదటిసారి జడ్జి ముంగట లేచినరోజు వచ్చి ఎనుక బల్ల మీద కూసున్నది. ఏదో చెప్పిన. బయటికొచ్చినంక మెచ్చుకుంటదని చూస్తె, "నోరు తెరిచినవ్. సాలు" అన్నది. వక్క నోట్లె ఏసుకున్నది.

ఇగ అప్పటి నుంచి మాకొక పర్మినెంట్ తగాద. "నా కోడలు వకీలయింది నా వల్లనే, పైన హైద్రాబాద్ రాయించింది నేనే" అని తరిగొప్పుల చుట్టాల దాక చెప్పుకొచ్చింది. నేను ఊకుంటనా? "రెండో విడతల నాకు హన్మకొండల గూడ వస్తుండె" అనేదాన్ని. "రాకపోతుండె" అని ఆమె, "వస్తుండె" అని నేను. బతుకమ్మ పేర్చుకుంట అదే, మిరపకాయలు తొడిమెలు తీసుకుంట అదే. మీకు చెప్తున్న, ఆమె అన్నదే నిజం. నాకు కావాలన్నది నేను నోరు తెరిచి అడుగలే, ఆమె అడిగించింది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. కని ఒప్పుకుంటె ఇగ మాకు ముచ్చటేమున్నది?

ఆదివారం సాయంత్రం, నన్ను కోర్టుకు తరిమేముందు, మంచంల నుంచి అదే అడిగింది. "హన్మకొండల వస్తుండెనా?"

"వస్తుండె అత్తమ్మా."

దిండు మీదనే తలకాయ పక్కకు వంచింది. చూసింది. "వాయిదా" అన్నది.

మూడోనాడు పిట్టకు పెట్టినం. మీకు తెలుసు గదా, పోయినోళ్ళకు ఇష్టమైనయన్నీ వండి ఇస్తార్ల పెట్టి, కాకి వచ్చి ముట్టేదాక చూస్తరు. ముట్టకుంటె వాళ్ళ మనసుల ఏదో ఉండిపోయిందని. సర్వపిండి పెట్టినం, కోడికూర పెట్టినం, నువ్వులేసిన పచ్చిపులుసు నేనే చేసి పెట్టిన, వక్క పెట్టినం. కాకి వచ్చి గోడ మీద వాలింది. దిగదు. మా ఆయన దండం పెట్టి "బాపును మంచిగ చూసుకుంట అమ్మా" అన్నడు. దిగలే. మా మామ "బర్రెను అమ్ముకోను తియ్, ఫికరు చెయ్యకు" అన్నడు. దిగలే. నా బిడ్డ "నాయినమ్మా, మంచిగ సదువుకుంట" అన్నది. ఊహూ. ఎండ మీదికొస్తున్నది. "వకీలమ్మా, నీ మాటేమన్న ఉంటె ఇచ్చెయ్ బిడ్డా" అన్నరు ఆడోళ్ళు.

ముందటికి పోయిన. "ఒప్పుకున్న అత్తమ్మా" అన్న. "నువ్వే గెలిచినవ్. నాకు హన్మకొండల రాకపోతుండె."

కాకి మొకం అటు తిప్పుకున్నది.

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దాని ఎనుకనే కోపం. నాకు తెల్వకుంటనే కొంగు నడుముకు చుట్టిన. ఊరంత చూస్తున్నది, చూడనీ. "వస్తుండె! హన్మకొండల గూడ వస్తుండె! నువ్వు లేకున్నా వస్తుండె! ఏం జేసుకుంటవో జేసుకో!" అని ఉన్న గొంతంత పెట్టి ఒర్లిన.

కాకి దిగింది. తిన్నగ ఇస్తారి దగ్గరికి నడిచొచ్చి, సర్వపిండి తునక నోట కరుచుకొని, మళ్ళ గోడెక్కింది. ఎక్కి వెంటనే తినలే. తలకాయ ఒక పక్కకు వంచి, ఒక్క కంటితోటి నన్ను కొంచెంసేపు చూసింది.